మా ఇంటికి రాదన్న నెట్టు

నాకు ముక్కు మీదే కోపం. ఈ మాట నేను చెప్పక్కర్లేదు, కోలారు బంగారు గనుల చాంపియన్ రీఫ్స్‌లో మా వరస ఇళ్ళవాళ్ళు ఎవరిని అడిగినా చెప్తారు. గనుల కంపెనీ కట్టిన ఇళ్ళు కదా, ఒకే గోడకి అటొక కాపురం, ఇటొక కాపురం. మా వంటింట్లో చెంచా జారిపడితే పక్కింటావిడ "ఏం పడిందమ్మా?" అని అడుగుతుంది. అలాంటి ఇంట్లో కూర్చుని ఎవరికీ తెలియకుండా ఒక తప్పు చెయ్యడం చిన్న పనేం కాదు. నేను చేశాను. కోపంలో చేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. చాలా నిదానంగా, టీ తాగుతూ చేశాను.

ఇంట్లో ఇద్దరమే ఉండేవాళ్ళం, నాయనా నేనూ. అమ్మ పోయింది. నా పెళ్ళి సంగతి అడక్కండి, అది వేరే కోపం. బెంగళూరులో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం నాది, జనం పంపే ఆసుపత్రి కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేవో చూడటం. ఏళ్ళ తరబడి పొద్దున్నే రైలెక్కి, చీకటి పడ్డాక దిగేదాన్ని. గనులు మూతపడ్డాక మా ఊళ్ళో సగం మంది బతుకు ఆ రైల్లోనే. కరోనా వచ్చినప్పుడు ఇంట్లోనే పని చేసుకోమన్నారు. అది పోయాక కూడా వారానికి ఒక్కరోజు వస్తే చాలన్నారు. రైలు బాధ తప్పిందని సంబరపడేలోపల ఇంటి నెట్టు మెడకి చుట్టుకుంది.

మాది పాత టెలిఫోను తీగ మీద వచ్చే నెట్టు. దాని నడక చూస్తే నత్తకి కూడా జాలేస్తుంది. మొబైలు సిగ్నలు అంతకంటే అన్యాయం, కిటికీ దగ్గర ఒక గీత, వాకిట్లోకి పోతే రెండు గీతలు. కాబట్టి ఇంట్లో ఉన్న ఆ కాస్త నెట్టునే ఇద్దరం పంచుకునేవాళ్ళం. నాకు ఆఫీసు. నాయనకి మామ.

మామ అంటే చుట్టం కాదు, గనిలో నాయనకి జోడీ. ఇద్దరూ డ్రిల్లింగు మిషను పట్టినవాళ్ళు. ఇరవై ఏళ్ళకు పైగా భూమి కింద ఒకే రాయిని కలిసి తొలిచారు. గని మూసేశాక మామ అత్తగారి ఊరు రాయల్పాడు వెళ్ళి, మామిడితోట చూసుకుంటూ అక్కడే ఉండిపోయాడు. ఆ మిషను మోతకి ఇద్దరి చెవులూ పోయాయి. నాయనకి ఎడమ చెవి దగ్గర నోరుపెట్టి అరిస్తే కాస్త వినిపిస్తుంది, మామకి అదీ లేదు. దానికి తోడు మామ ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము. నాలుగడుగులు నడిస్తే ఈల వేసినట్టు ఊపిరి తీసేవాడు. ఇద్దరికీ సంతకం తప్ప చదువు రాదు, మెసేజీలు రాసుకునే దారీ లేదు.

చెవులు లేని ఇద్దరు ఫోనులో ఏం మాట్లాడుకుంటారు? అందుకే వీడియో. గనిలో మోతకి మాట వినపడదు కాబట్టి వీళ్ళు చేతులతోనే అన్నీ చెప్పుకునేవాళ్ళు. గాలి ఆపు, రాయి వదులుగా ఉండాది, వెనక్కి జరుగు, నీళ్ళు తే, ఈ సూపర్వైజరు ఒట్టి గాడిద. పైకి వచ్చాక ఆ సైగలకి ఇంకా ఎన్నో కలుపుకున్నారు. ప్రతి సాయంత్రం నాలుగున్నరకి నాయన ఫోనుని స్టీలు డబ్బాకి ఆనించి కూర్చునేవాడు. అరగంట సేపు ఇక్కడి చేతులూ అక్కడి చేతులూ ఆడేవి. మధ్యలో ఇద్దరూ ఒక్కసారిగా పగలబడి నవ్వేవాళ్ళు. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. నేర్చుకోవాలని కూడా అనుకోలేదు. "ఏం నాయనా, కోతులాట అయిందా?" అని ఎగతాళి చేస్తే, నా పెదాలు చూసి కనిపెట్టి, "కోతులకే అర్థమైతాదమ్మా, నీకు కాదు" అనేవాడు.

అమ్మ పోయిన ఏడాది నాయన నాతో కూడా పలకలేదు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఆ అరగంట మాత్రం చేతులు కదిలేవి. ఒకరోజు సైగ చేస్తూ చేస్తూ రెండు చేతులతో మొహం కప్పుకుంటే, అటువైపు మామ ఏమీ చెయ్యకుండా తెరకి దగ్గరగా జరిగి అలాగే కూర్చున్నాడు. ఆ అరగంట లేకపోతే నాయన దక్కేవాడా అని నాకే అనుమానం. ఇంత తెలిసినదాన్ని.

గొడవేమిటంటే, సరిగ్గా నాలుగున్నరకే నాకు ఆఫీసు మీటింగు. మామ అప్పుడే మందు పీల్చి కాస్త తెరిపిన పడతాడు కాబట్టి వాళ్ళ టైము మారదు. మీటింగు టైము మార్చేంత పెద్దదాన్ని నేను కాను. నాయన వీడియో మొదలవగానే నా గొంతు ముక్కలు ముక్కలుగా పోయేది. ఒకరోజు మేనేజరు అందరి ముందూ, "బావిలోంచి మాట్లాడుతున్నారా మేడం? ముందు మీ లైను చూసుకోండి" అన్నాడు. పది మంది నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ వారమే మా వరసకి ఫైబరు నెట్టు వచ్చింది. రాయల్పాడుకి ఏడాది ముందే వచ్చింది. "మామిడికాయలు కాసే ఊరికి వచ్చింది, బంగారం తవ్విన ఊరికి రాలేదా?" అని నాయన రోజూ దెప్పేవాడు, ఆ నెట్టు కంపెనీ నాదే అయినట్టు. లైను వేసే ఆయన నడివయసు మనిషి. పక్కింటికి తీగ లాగేసి, నిచ్చెన మా గోడకి ఆనించి అడిగాడు.

"మీకూ ఏసేద్దునా అక్కా? గోడకి ఒక తూటు, లోపల ఒక పెట్టె, అంతే. ఒక్క సంవత్సరం మాత్రం మానేసేకి లేదు."

సంవత్సరం అన్నమాట దగ్గర ఆగిపోయాను. బెంగళూరుకే వచ్చి ఉంటే టీములో పెద్ద పోస్టు ఇస్తామని మేనేజరు నెల నుంచి చెప్తున్నాడు. నేను గుట్టుగా అక్కడ అద్దె ఇళ్ళు చూస్తున్నాను. నాయనకి చెప్పలేదు. ఆయన్ని ఈ ఇంట్లోంచి కదిలించడం తలుచుకుంటేనే భయం. కొత్త లైను వేయించుకుంటే ఇంకో ఏడాది ఇక్కడే ఉంటానని నాకు నేనే సంతకం పెట్టినట్టు. ఇంకో నాలుగు నెలలు ఈ నత్తతోనే ఈడ్చుకొస్తే పోలేదా అనుకున్నాను. నాయనకీ మంచిదే, బెంగళూరులో నెట్టుకేం కొదవ అని కూడా అనుకున్నాను. మనకి కావలసినదాన్ని ఎదుటివాళ్ళ మంచికే అని నమ్మడం నాకు బాగా వచ్చు.

"వద్దన్నా, మేం ఖాళీ చేసేటట్టున్నాం" అన్నాను, గొంతు తగ్గించి. తగ్గించక్కర్లేదు, నాయనకి ఎలాగూ వినపడదు. అయినా తగ్గించాను.

నిచ్చెన పోయాక నాయన వాకిట్లోకి వచ్చాడు. "ఏమంటాడమ్మా ఆయప్ప? మనకూ ఏస్తాడంటనా?"

ఆ మొహంలో ఆశ చూసి కూడా, "మన ఇంటికి రాదంట నాయనా! స్తంభం దూరమంట!" అని చెప్పాను. నాయన స్తంభం వైపు చూశాడు. అది మా ఇంటికి పది అడుగుల్లో ఉంది. "అట్లనా" అన్నాడు. కూతురు చదువుకున్నది, ఆమెకి తెలుసు అనుకునే మనిషి.

మరుసటి రోజు టీ తాగుతూ మా పాత నెట్టు పెట్టె సెట్టింగుల్లోకి పోయాను. ఇంట్లో దేనికి ముందు నెట్టు ఇవ్వాలో, దేనికి చివర ఇవ్వాలో మనమే వరస పెట్టుకోవచ్చు. నా ల్యాప్‌టాప్‌ని అన్నిటికంటే పైన పెట్టాను. నాయన ఫోనుని అట్టడుగున పెట్టాను. నొక్కే ముందు నిజంగానే ఒక్క క్షణం ఆగాను. మాటా పలుకూ లేని అరగంట, చేతులు ఊపుకోవడానికి ఇంత నెట్టు ఎందుకు, రేపూ ఊపుకోవచ్చు, ఎల్లుండీ ఊపుకోవచ్చు అనుకున్నాను. నొక్కాను.

ఆ రోజు మీటింగులో నా గొంతు గంట కొట్టినట్టు వినిపించింది. అవతలి గదిలో మామ మొహం సగం నవ్వుతో ఆగిపోయింది. నాయన ఫోనుని ఆర్పి వెలిగించాడు, పంచె అంచుతో తుడిచాడు, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. మీటింగు అయ్యేదాకా ఓపిగ్గా ఆగి, నా దగ్గరికి వచ్చి, "బొమ్మ కదిలేదే లేదమ్మా. ఫోను చెడిపోయిండాదేమో చూడు" అన్నాడు. అటూ ఇటూ తిప్పి చూసినట్టు నటించి, "వానలకి లైను పోయిందేమో నాయనా" అన్నాను.

రెండోరోజూ అంతే. మూడోరోజు కాసేపు ప్రయత్నించి, ఫోను పక్కన పెట్టేసి, అరుగు మీద కూర్చుని వీధిని చూస్తూ ఉండిపోయాడు. ఆ మూడోరోజే మీటింగు మధ్యలో మామ భార్య నాకు ఫోను చేసింది. కట్ చేశాను. మర్చిపోయానని చెప్పుకోవచ్చు గానీ మర్చిపోలేదు. ఏం చెప్పాలో తోచక తిరిగి చెయ్యలేదు. నాలుగోరోజు ఎవరూ ఎవరికీ చెయ్యలేదు. ఇల్లు హాయిగా ఉందనిపించింది. "ఇప్పుడు మీ లైను బాగుంది మేడం" అని మేనేజరు మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయాను కూడా.

ఐదోరోజు మధ్యాహ్నం అన్నం వండుతుంటే వాకిట్లో ఈల వేసినట్టు వినిపించింది. ఎవరా అని వచ్చి చూస్తే గేటు పట్టుకుని మామ. శ్రీనివాసపురంలో ఒక బస్సు, ముళబాగిలులో ఒక బస్సు మారి, బస్టాండు నుంచి నడిచి వచ్చాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. ఎప్పుడొచ్చినా ఏదో ఒకటి తెచ్చే మనిషి, చేతిలో చిన్న సంచి కూడా లేదు.

"మీ నాయన యాడమ్మా? బాగుండాడా?" అని పెద్దగా అడిగాడు. నేను నోరు తెరిచేలోపలే నాయన చొక్కా లేకుండా బయటికి వచ్చాడు.

మామ నాయనని తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, అరుగు మీద కూలబడి, చేతులు ఆడించాడు. నాయన ఆడించాడు. మామ ఇంకా గట్టిగా ఆడించాడు, తిడుతున్నాడని నాకూ అర్థమైంది. నాయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని నాకు చెప్పాడు.

"కింద మాకొక పద్ధతి ఉండె అమ్మా. జోడీకి మూడుసార్లు సైగ చేసేది. మూడుసార్లకీ జవాబు రాలేదంటే ఇంగ నిలబడి చూసేకి లేదు, మిషను ఇడిచిపెట్టి మనిషే పోవాల. ఈయప్ప మూడు దినాలు చూసినాడంట. ఇంగ నాకేమో అయిపోయింది అనుకోని వచ్చినాడు."

నాయన కుడికాలి మీద మడమ నుంచి మోకాలి దాకా ఒక మచ్చ ఉంది. గనిలో రాయి పడిందని చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ రాయి కిందినుంచి ఆయన్ని ఎవరు లాగారో ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు తెలిసింది. మూడో సైగకి జవాబు రాకపోయేసరికి మామ పాక్కుంటూ పోయి లాగాడట. "ఆ పొద్దు ఇంగొకసారి చూద్దాంలే అనుకోనింటే నువ్వు పుట్టేదానివి కాదు" అన్నాడు నాయన, ఎవరి పెళ్ళిలోనో జరిగిన తమాషా చెప్తున్నట్టు. నేను వంటింట్లోకి పోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాను. అన్నం అడుగంటిన వాసన వచ్చేదాకా కదల్లేదు.

నీళ్ళు తాగి తేరుకున్నాక, మా కప్పు మీదుగా పక్కింటికి పోతున్న కొత్త నల్ల తీగ మామ కంట పడింది. "ఇది ఏం వైరమ్మా?" అన్నాడు. వాళ్ళింటికీ అదే తీగ ఉంది, తెలిసే అడిగాడేమో. పెదాలు బాగా కదిపి, "టీవీది మామా" అన్నాను. ఆయన తల ఊపాడు. నమ్మాడో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం ఎవరిస్తారు? ఎదురుగా కూర్చుని, చేతికి అందించినట్టు అడిగాడు. నాకు మొహం చెల్లలేదు.

రెండు ముద్దలు తిని మూడున్నరకే లేచాడు. "కారు మాట్లాడతాను మామా" అన్నాను. "ఏలమ్మా, బస్సులు ఉండాయి కదా" అన్నాడు. ఇంకొక్కసారి బలవంతం చేసి ఉంటే ఒప్పుకునేవాడు. రెండు రోజులు ఉండిపొమ్మంటే ఉండేవాడేమో. నేను గడియారం చూశాను. నాలుగున్నరకి మీటింగు ఉంది. నాయనే బస్టాండు దాకా పోయి ఎక్కించి వచ్చాడు. మీటింగు అయ్యాక సెట్టింగుల్లోకి పోయి నాయన ఫోనుని పైకి జరిపాను. దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఒక రోజు గడిచాక మామ భార్య ఫోను చేసింది. ఈసారి మొదటి రింగుకే ఎత్తాను.

"బస్సు దిగినప్పటి నుంచి ఊపిరి ఆడలేదమ్మా. శ్రీనివాసపురం తీసకపోతే కోలారు తీసకపోమన్నారు. ఆక్సిజన్ పెట్టినారు. పోవద్దంటే వినలేదు. నీకు కూడా ఒకసారి ఫోను చేస్తి..." అని ఆగింది. ఆ ఆగిన చోట నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. "నువ్వు పనిలో ఉంటివేమో" అంది.

ఆ ఫోను పెట్టేసి లైనాయనకి ఫోను చేశాను. ఇన్నాళ్ళూ తేలని విషయం నిమిషంలో తేలిపోయింది. నాయనకి మాత్రం, "మామకి కాస్త జ్వరమంట, తగ్గినాక వీడియో చేస్తాడంట" అని చెప్పాను. నిజం చెప్తే కోలారు పోదాం పద అంటాడు. పోతే, ఎందుకిలా అయిందన్న మాట వస్తుంది. బెంగళూరు పోస్టు వద్దని ఆ రాత్రే మేనేజరుకి రాసేశాను. అందుకు నన్నెవరూ మెచ్చుకోవద్దు. ఆ ఉద్యోగం తలుచుకుంటేనే వెగటు పుట్టి రాశాను.

లైనాయన నాలుగు రోజులకి వచ్చాడు. గోడకి తూటు పొడుస్తుంటే నాయన వెనక నిలబడి, "అట్ల కాదప్పా, తిన్నగా పట్టు, రాయికి ఎదురుపోవద్దు" అని పాఠం చెప్పాడు. నా వైపు తిరిగి, "మన ఇంటికి రాదంటివే?" అన్నాడు. "ఇప్పుడు వచ్చింది నాయనా" అన్నాను. "ఖాళీ చేస్తామంటిరి కదక్కా?" అన్నాడు లైనాయన. నాయనకి వినపడలేదు. నేను వినపడనట్టు నటించాను.

ఆ సాయంత్రం మీటింగు మానేసి నాయన పక్కన కూర్చున్నాను. మామని ముందురోజే ఇంటికి తెచ్చేశారు. బాగయ్యి కాదు, ఇంటికి తీసకపోండని ఆసుపత్రివాళ్ళే చెప్పారట. నాకు తెలుసు, నాయనకి తెలియదు. మామ భార్య ఫోనుని మంచం మీదికి వంచి పట్టుకుంది. ఎంత స్పష్టంగా వచ్చిందంటే, దుప్పటి గళ్ళు లెక్కపెట్టొచ్చు. ముక్కులో గొట్టం, చెంపల మీద నెరిసిన గడ్డం, అన్నీ కనిపించాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి, మా వైపే చూస్తున్నాయి.

నాయన సైగ చేశాడు. మామ చేతులు దుప్పటి మీదే ఉన్నాయి. ఇంకా దగ్గరికి జరిగి మళ్ళీ చేశాడు. తర్వాత ఇంకొకసారి, చాలా నెమ్మదిగా, చంటిపిల్లకి చూపించినట్టు చేశాడు. మామ చేతులు లేవలేదు.

నాయన నా వైపు తిరిగాడు. "మళ్ళా ఆగిపోయిందమ్మా బొమ్మ. కొత్తది కూడా ఇంతేనా? పోయి ఆ పెట్టెని ఆర్పి ఎలిగించు."

బొమ్మ ఆగలేదు. ఫ్యాను గాలికి దిండు గలీబు అంచు కదులుతోంది. ఫోను పట్టుకున్న ఆవిడ కొంగు కదులుతోంది. నాయన కంటికి అవి ఆనలేదో, ఆనినా ఒప్పుకోలేదో.

నేను లేచి పెట్టె దాకా పోయాను. స్విచ్చు మీద వేలు పెట్టాను కూడా. ఆర్పి వెలిగిస్తే రెండు నిమిషాలు గడుస్తాయి. ఆ రెండు నిమిషాలూ నాయన ఫోను రెండు చేతుల్లో పట్టుకుని, కూతురు బాగుచేస్తుందని నమ్మకంగా కూర్చుంటాడు. నా వేలికి ఆ పని ఎంత అలవాటైపోయిందో చూసి నాకే భయమేసింది. వెనక్కి వచ్చి ఆయన ఎడమ చెవి దగ్గర నోరుపెట్టాను. పక్కింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నెట్టు ఆగలేదు నాయనా! మామకే చేతులు లేస్తా లేవు!" అని అరిచాను. "ఆ పొద్దు ఆపింది నేనే! నీ ఫోనుకి నెట్టు రాకుండా చేసింది నేనే! దానికే మామ బస్సెక్కి వచ్చినాడు!"

పక్కింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఫోనులో మామ భార్య మొహం ఒక్కసారి తెర మీదికి వచ్చి, మళ్ళీ పక్కకి పోయింది. నాయన చూపు మామ మీదే ఉంది. అలా చూస్తూనే తల కొంచెం వంచి, ఎడమ చెవిని నా నోటి దగ్గరికి తెచ్చాడు.

"సరిగా వినపడలే" అన్నాడు. "ఇంగొకసారి చెప్పు."

మళ్ళీ చెప్పాను.